గులాబీ కణాల లెక్క

1998 జూన్ 22, సోమవారం

సుఖబతికి ఈరోజు కొత్త మందు మొదలు. రెండు వారాలకు పధ్నాలుగు క్యాప్సూళ్ళు, రోజుకొకటి. మా డాక్టర్ మేడమ్ ఎక్కడెక్కడికో ఉత్తరాలు రాసి తెప్పించింది. ప్రస్తుతానికి ఒక్క మనిషికే సరిపోతుంది.

పిల్ల ఆరంగ్ నుంచి బస్సులో నిలబడి వచ్చిందట. పందొమ్మిదేళ్ళు... మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కుతుంది. సికిల్. ఎర్రకణం కొడవలిలా వంగి సన్న నరాల్లో ఇరుక్కుంటుంది, ఇక ఒళ్ళంతా నొప్పులు. ఇరవై రెండేళ్ళుగా ఈ ల్యాబ్‌లో ఆ కొడవళ్ళనే చూస్తున్నాను. దానికో మందు ఉంటుందని వినడం ఇదే మొదలు.

దసరాలోపు ఫలితం కనిపించకపోతే సుఖబతికి ఆపేసి, వరసలో ఉన్న తర్వాతి మనిషికి ఇస్తానంది మేడమ్. ఫలితం చూసి చెప్పాల్సింది నేనట. బాగుంది.

జూన్ 23

మేడమ్‌ని కదిపాను. ఊరుకోలేను కదా.

కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రక్తంలో ఎర్రదనం వేరే రకమట. పుట్టిన కొన్నాళ్ళకు అది మూతపడి పెద్దవాళ్ళ రకం మొదలవుతుంది. సుఖబతి జబ్బంతా ఆ పెద్దవాళ్ళ రకంలోనే. పసిరకం మళ్ళీ తెరుచుకుంటే కణం అంత తేలిగ్గా వంగదు. దాన్ని చేసే జన్యువు ఎక్కడికీ పోలేదు — ఉంది, మూసి ఉంది. ఈ మందు తెరుస్తుందట. ఎలా తెరుస్తుందని అడిగితే, ఎవరికీ పూర్తిగా తెలియదు, నీ పని నువ్వు చూసుకో అంది.

నా పని అదే కదా మరి.

జూన్ 24

అదే జన్యువు నా గోటి దగ్గరి చర్మంలోనూ ఉందట. ముక్కులోనూ. అక్కడ మాత్రం తెరుచుకోదు. ఎర్రకణాలు తయారయ్యే మూలుగలోనే దాని ఆట. ఎవరు చెప్పారు దానికి — ఇది ముక్కు, ఇది మూలుగ అని?

ఈయన్ని అడిగాను. గూడ్సు గార్డుకి రక్తం గొడవెందుకని తప్పించుకోబోయారు. కంచం ముందు కూర్చున్న మనిషి ఎక్కడికి పోతారు? కాసేపు ఆలోచించి అన్నారు: "మా టైంటేబులు లేదేటి? పుస్తకం అన్ని స్టేషన్లకీ ఒకటే. తిల్దావోడు తిల్దా పేజీయే చూస్తాడు. ఆపేసిన బండి కూడా అందులో అచ్చయ్యే ఉంటాది. ఆర్డరొస్తే మళ్ళీ నడుస్తాది."

ఇన్నేళ్ళ కాపురంలో ఈయన చెప్పిన మొదటి తెలివైన మాట. పైకి అనలేదు, పొంగిపోతారు.

జూలై 6

స్లైడు మీద రక్తం పూసి ఆమ్లంలో ముంచుతాను. పెద్దవాళ్ళ రకం కరిగిపోతుంది, కణం అంచు మాత్రం ఖాళీ గిన్నెలా మిగులుతుంది. పసిరకం కరగదు. రంగు పట్టి గులాబీగా నిలుస్తుంది. రంగు సరిగా పడిందో లేదో తేల్చుకోవడానికి ప్రసూతి వార్డుకి పోయి బొడ్డుతాడు రక్తం ఒక చుక్క తెచ్చుకుంటాను. ఈ ఉదయం పుట్టిన పిల్లది — స్లైడంతా గులాబీలే. ఎంత ముచ్చటగా ఉందో.

సుఖబతిది ఐదు వందల కణాలకు ఇరవై రెండు. మందు వేయకముందూ ఇరవై రెండే. మొదలుపెట్టి రెండు వారాలేగా.

జూలై 20

ఇరవై నాలుగు. రెండు పెరిగాయని సంబరపడ్డాను. మేడమ్ పడలేదు.

బయట బల్ల మీద సుఖబతి, కేవరా. కేవరాది తిల్దా. అదే జబ్బు, మందు లేదు, వరసలో తర్వాతి పేరు ఆమెదే. నిరుడు వార్డులో పక్కపక్క మంచాలు. అక్కడే భోజలీ కట్టుకున్నారు, ఇక్కడి ఆచారం. చీకట్లో మొలిపించిన గోధుమ మొలకలు ఒకరి చెవిలో ఒకరు పెట్టుకున్నారంటే ఇక జన్మంతా నెచ్చెలులే. పేరు పెట్టి పిలుచుకోకూడదు. ఒకరు "సీతారామ్ భోజలీ" అంటే రెండోవారూ అదే అనాలి. ఏది దొరికినా పంచుకోవాలి. నా ఎదురుగానే ఒక జామకాయ రెండు ముక్కలైంది.

ఆగస్టు 10

నిన్న మా వీధి ఆడపిల్లలు భోజలీ ఇచ్చి దండం పెట్టారు. పసుపుపచ్చ మొలకలు, మెత్తగా. రెండు తెచ్చి ల్యాబ్ కిటికీలో నీళ్ళలో పెట్టాను. ఊరికే. చూద్దామని.

ఆగస్టు 13

మొలకలు ఆకుపచ్చబడ్డాయి. పచ్చదనం గింజలోనే ఉంది, వెలుతురు తగిలాక బయటపడింది. సుఖబతి మూలుగకి ఈ మందు ఎందుకు తగలడం లేదు?

ఆగస్టు 17

ఇరవై మూడు. తప్పు నాదేమోనని ఆమ్లం కొత్తగా కలిపాను, రంగు మార్చాను. అయినా ఇరవై మూడే.

ఆగస్టు 31

సుఖబతి వార్డులో ఉంది. శనివారం నుంచి నొప్పులు. అరవదు... దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని కళ్ళు మూసుకుంటుంది. చూడలేక వచ్చేశాను. మేడమ్ దసరా ఎప్పుడని అడిగింది. అక్టోబర్ ఒకటో తారీఖు అని నేనే చెప్పాల్సి వచ్చింది. ఏడుపొచ్చింది నాకు.

సెప్టెంబర్ 14

మొదటినుంచీ వరసగా రాస్తాను.

మందు తీసుకోని రోగి స్లైడు కూడా పక్కన పెట్టి పోల్చమంది మేడమ్. బల్ల మీద కేవరా ఉంది కదా, ఆమె రక్తమే తీశాను. సుఖబతి — ఇరవై నాలుగు. కేవరా — నూట పంతొమ్మిది.

చీటీలు తారుమారు చేశాననుకున్నాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెయ్యలేదు. మళ్ళీ రక్తం తీసి మళ్ళీ రంగు వేశాను. అదే లెక్క. నిరుటి రిజిస్టరు తీసి చూస్తే కేవరాకి ముప్పై. మందు లేనిదానికి ఎలా పెరిగాయి?

బయటికి వెళ్ళాను. ఇద్దరూ నన్ను చూసి దగ్గరికి జరిగారు. ఏం తింటున్నావని కేవరాని అడిగాను. సుఖబతే చెప్పింది, దాచడానికేముందన్నట్టు: "ఏక్ దిన్ మైం ఖాథవ్, దీదీ, ఏక్ దిన్ భోజలీ."

ఒక రోజు తను తింటే, ఒక రోజు తన భోజలీ. జూన్ నుంచీ. పొట్లం అందగానే ఈ బల్ల మీదే ఏడేడు పంచుకుంటున్నారు. మందు తీసుకోని రోగి అని నేను తెచ్చి పక్కన పెట్టుకున్నది దీన్నే.

తిట్టాను. ఈ మందు తెల్లకణాల్ని తగ్గిస్తుంది, కేవరాకి ఒక్కసారి కూడా లెక్క చూడలేదు. అప్పటికప్పుడు చూశాను. సరిగ్గానే ఉన్నాయి.

సెప్టెంబర్ 15

ఇద్దరికీ అదే జబ్బు. అదే సగం మందు. కేవరా మూలుగ పలికింది, సుఖబతిది పలకలేదు. ఎందుకు? పొద్దుట నుంచీ ఇదే తొలుస్తోంది. పుస్తకం ఒకటే అన్నారు కదా ఈయన... మరి ఆర్డరు ఒక చోట అందింది, ఇంకో చోట అందలేదెందుకు?

మేడమ్‌కి చెప్తే మందంతా కేవరాకి పోతుంది. స్లైడు చూసినవాళ్ళెవరైనా అదే చేస్తారు. ఇచ్చిన పిల్లకి ఏమీ మిగలదు. చెప్పకపోతే కేవరా రక్తం ఎవరి కంటా పడకుండా ఆ మందు మింగుతూనే ఉంటుంది.

సెప్టెంబర్ 16

చెప్పేశాను. మేడమ్ తిట్టింది, పడ్డాను. కేవరాకే ఇద్దామంది. అప్పుడు ఆగలేకపోయాను: సుఖబతి పూర్తి మందు ఏనాడు తిందని మేడమ్, పలకలేదనడానికి?

చివరికి ఒప్పుకుంది — 28 నుంచి ఆరు వారాలు పూర్తి మందు సుఖబతికి. కేవరాకి బంద్. తర్వాత మళ్ళీ స్లైడు. ఇంకో మనిషికి సరిపడా మందు కోసం రాస్తానంది, ఎప్పుడొస్తుందో తెలియదంది.

సెప్టెంబర్ 28

సుఖబతిని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను. ఇంతవరకూ ఏ రోగినీ కూర్చోబెట్టలేదు. మొదట తనది, తర్వాత కేవరాది. రెండోదాని మీదినుంచి కన్ను తియ్యదే. గులాబీవన్నీ భోజలీవేనా అని అడిగింది. అవునన్నాను. నవ్వింది. తన గురించి ఒక్క మాట అడగలేదు, వెర్రిది.

లేచి నా చెయ్యి పట్టుకుంది. "మోర్ భోజలీ కే దవాయ్ ఝన్ రోకహూ, దీదీ."

తన భోజలీకి మందు ఆపొద్దట. ఆపింది నేను కాదని చెప్పలేకపోయాను. ఆరు వారాలు నువ్వే తినాలి, ఒక్కటి కూడా ఇవ్వకూడదు, నీ రక్తం తెరుచుకుంటుందో లేదో తెలియాలి అని ఒట్టు వేయమన్నాను. ఒట్టు తను వేయదట, సరేనన్నట్టు తలూపింది.

అక్టోబర్ 12

అన్నీ నువ్వే తింటున్నావా అన్నాను. తలూపింది. నా వైపు చూడలేదు.

అక్టోబర్ 26

ఈ నెలంతా నొప్పులు రాలేదంది. నడక తేలికగానే ఉంది. స్లైడు ఇప్పుడే వద్దంది మేడమ్. చేతులు దురద పెడుతున్నాయి.

నవంబర్ 9

పొద్దున్నే ఇద్దరి రక్తమూ తీశాను. బొడ్డుతాడు చుక్క పక్కన ఉంది. రంగు బాగా పడింది.

సుఖబతి — ముప్పై ఎనిమిది. పెరిగాయి. మొదటిసారి పెరిగాయి. ఇది సగం మందుకా, పూర్తి మందుకా?

కేవరాది చూస్తే తెలిసిపోతుందనుకున్నాను. మందు ఆగి ఆరు వారాలు. సుఖబతి మాట నిలబెట్టుకుని ఉంటే కేవరా గులాబీలు తగ్గాలి.

నూట పదిహేను.

పంచుకుంటున్నారా? లేక ఒకసారి తెరుచుకున్నది ఇంత త్వరగా మూసుకోదా? ఆర్డరు ఆగాక కూడా బండి ఎన్నాళ్ళు నడుస్తుంది? ఎవరినడగాలి? ఆ బల్ల మీద కూర్చున్న ఇద్దరినే అడగాలి. అడగడానికి భయంగా ఉంది. పంచుకున్నారని చెప్తే ఇద్దరికీ ఆపేస్తుంది మేడమ్. పంచుకోలేదని చెప్తే, పూర్తి మందుకి సుఖబతి ముప్పై ఎనిమిదే అని రాసుకుని కేవరాకి ఇచ్చేస్తుంది.

మధ్యాహ్నం మేడమ్ తలుపు దగ్గర నిలబడి లెక్క ఎంతైందని అడిగింది. మైక్రోస్కోపులోంచి తల ఎత్తలేదు. ఇంకా లెక్కపెడుతున్నానని చెప్పాను.

లెక్క పొద్దున్నే అయిపోయింది.