ఏ తెరైనా ఒకటే

శనివారం, రాత్రి

కొత్త లాప్‌టాప్ కొంటే అన్నీ సర్దుకుంటాయని నెల రోజులుగా నన్ను నేనే మభ్యపెట్టుకున్నాను. చూపు మధ్యభాగం పోతోందని, కళ్లజోడు మార్చినా లాభం లేదని కంటి డాక్టరు చెప్పిన సంగతి మా ఆయనకు చెప్పనేలేదు.

ఈరోజు ఇద్దరం స్కూటర్ మీద బ్రాడీపేటలోని కంప్యూటర్ షాపుకి వెళ్లాం. షాపాయన మూడు లాప్‌టాప్‌లు తెరిచి పెట్టాడు. నేను రాస్తున్న ప్రోగ్రామ్‌ని ఒక్కోదాంట్లో వేసి చూశాను. తెర ఎంత పెద్దదైనా, నేను చూస్తున్న అక్షరమే చెరిగిపోతోంది.

షాపాయన వంగి చూసి, "ఇక్కడ బ్రాకెట్ మూయలేదండి, మేడమ్" అన్నాడు.

రెండు రోజులుగా నేను వెతుకుతున్న తప్పు అదే. ఏడుపు ఆగలేదు.

"ఏమైందే? నచ్చకపోతే ఇంకో షాపుకెళ్దాం," అన్నారు ఆయన కంగారుగా.

"ఏ తెరైనా ఒకటేనండీ. రాసింది పైకి చదివి వినిపించేది కావాలి నాకు."

అక్కడే, షాపాయన ముందే, అంతా చెప్పేశాను.

ఏమీ కొనకుండా వచ్చేశాం. సోమవారం ఆఫీసులో ఏం చెప్పాలి? పదకొండేళ్లుగా చేస్తున్నది, నాకు వచ్చినది ఈ ప్రోగ్రాములు రాసే పనొక్కటే. పెదకాకానిలో ఇంటికి చేరాక, ఆయన వరండాలో లైటు వేసి నా ఎదురుగా నిలబడ్డారు.

"నేనైతే కనపడుతున్నాను కదా?"

"కనపడుతున్నారు" అన్నాను.

జుట్టు కనపడింది. చెవులు, భుజాలు కనపడ్డాయి. ముఖం ఉండాల్సిన చోట మసక తప్ప ఏమీ లేదు.