గోళ్లరంగు చుక్క, అమ్మోరి బొట్టు

అప్పకి,

తమ్ముడు సన్యాసి దూరం నుంచే కాళ్లకు దణ్ణం పెట్టి, రెండు చెవులూ పట్టుకుని రాస్తున్న ఉత్తరం. నేనిక్కడ పాడేరులో బాగున్నాను. నువ్వు, బావ, పిల్లలిద్దరూ, మోకాలి నొప్పితో మీ అత్తగారూ, మొన్న ఈనిన గేదే, అందరూ బాగున్నారని తలుస్తాను. నేను మాత్రం బాగానే ఉన్నాను. తింటున్నాను, పడుకుంటున్నాను, దగ్గు తగ్గింది. బెంగ పెట్టుకోకు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటంటావు. మొన్న ఫోన్లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకో. నేను "అప్పా" అన్నాను. నువ్వు "ఒరే సన్నాసీ, ఆ గుంట ఎవుర్తిరా?" అని మొదలెట్టావు. తిట్టావు, ఏడ్చావు, పోయిన అమ్మ పేరెత్తావు, పెట్టేశావు. నా రెండో మాట నోట్లోనే ఉండిపోయింది. ఉత్తరానికైతే నువ్వు అడ్డం రాలేవు. అందుకని మొత్తం చదివి, ఆ తర్వాత తిట్టు.

నీకు ఈ కబురు మోసినవాడెవడో తెలుసు. మన ఊరి మీదుగా ఇక్కడికొచ్చే బస్సు డ్రైవరు. మా మెకానిక్ షెడ్డుకు విజయనగరం నుంచి సామాన్లు తెచ్చిచ్చేది అతనే. సంతలో ఫ్యాన్సీ కొట్టు దగ్గర నేను ఎర్ర గోళ్లరంగు సీసా కొంటుంటే చూశాడు. చూసినవాడు, ఏదో గుంట కోసమని నీకు చెప్పే ముందు ఎందుకని నన్నడగొచ్చు కదా! నిజం గడప దాటేలోగా అబద్ధం ఊరంతా చుట్టి వస్తుందని ఊరికే అన్నారా?

కొన్నమాట నిజమే. కొన్నది కారుకి. నవ్వకు, మొదట్నుంచీ చెబుతాను.

పనిలో చేర్చుకునేటప్పుడు షెడ్డు యజమాని గాసన్న గారు రెండే ప్రశ్నలడిగారు. డీజిలు బండ్లు వచ్చా అంటే, అన్నీ వచ్చన్నాను. పదిహేనేళ్లు ట్రాక్టర్లు విప్పాను, ట్రాక్టరుదీ డీజిలే కదా. టైమింగు బెల్టు మార్చావా అంటే, ఎన్నో మార్చానన్నాను. అప్పా, మనూళ్లో నేను విప్పిన ట్రాక్టర్లలో ఆ బెల్టే ఉండదు. లోపల ఇనప పళ్ల చక్రాలుంటాయి. ఆ బెల్టు కొట్లో మేకుకు వేలాడుతుంటే చూశానంతే. కానీ మన ఊళ్లో షెడ్డు మూసేశాక మూడు నెలలు నీ ఇంట్లో కూర్చుని తిన్నాను. పని దొరకలేదంటూ మళ్లీ నీ గుమ్మంలో నిలబడలేక నోటికొచ్చింది అనేశాను. "ఉన్నదున్నట్టు సెప్పరా" అని బస్సెక్కిస్తూ కూడా చెప్పావు. ఘాట్ రోడ్డు సగం ఎక్కేసరికి మర్చిపోయాను.

ఇక్కడ వాన మొదలైతే ఆగదు. ఉతికిన చొక్కా మూడు రోజులైనా ఆరదు. కొండ నిండా కాఫీ తోటలే గానీ షెడ్డులో అందరం టీయే తాగుతాం. పొద్దున్న సోళ్ల అంబలి, మధ్యాహ్నం అన్నం. కడుపుకు లోటు లేదు. ఆదివారం షెడ్డు మూసినప్పుడు మాత్రం పలకరించే దిక్కుండదు. అప్పుడు నీ తిట్లు కూడా గుర్తొస్తాయి.

ఇక కారు సంగతి. సుభద్ర గారని ఒకావిడ, వాళ్లమ్మ చిలకమ్మ గారితో కలిసి డీజిలు కారు తెచ్చారు. కొండ మీది ఊరు వాళ్లది, కాఫీ తోటలున్నాయి. కారు సుభద్ర గారే నడుపుతారు. బెల్టు చూస్తే ఎండిపోయి పగుళ్లిచ్చింది. అది దారిలో తెగిందంటే పైనున్న వాల్వులూ కిందనున్న పిస్టన్లూ ఒకదాన్నొకటి గుద్దుకుని ఇంజను పచ్చడే. ఆ ఊరికి అదొక్కటే బండి. వానల్లో అంబులెన్సు గెడ్డ నీళ్లలో దిగదట, అవతలే ఆగిపోతుందట. "మా వదినకి నెలలు నిండినాయి మేస్త్రీ, బేగి సేసియ్యాలి" అన్నారు సుభద్ర గారు.

గాసన్న గారు అప్పుడే డొంకరాయిలో ఆగిపోయిన లారీ కోసం బయల్దేరుతున్నారు. "నువ్వు శానా మార్సేవు గదా, సేసీ" అని బండెక్కి వెళ్లిపోయారు.

వీడియో చూద్దామంటే నా ఫోన్లో సిగ్నలు లేదు. సుభద్ర గారి ఫోనడిగి తీసుకుని, బండి చాటుకు పోయి చూశాను. అందులో వాడు హిందీలో మాట్లాడుతూ ఎనిమిది నిమిషాల్లో ముగించాడు. నాకర్థమైందిది: బెల్టు తీసే ముందు అది తిరిగే పైచక్రానికీ కిందిచక్రానికీ గుర్తులు పెట్టుకోవాలి, కొత్తది ఆ గుర్తుల ప్రకారమే ఎక్కించాలి. షెడ్డులో పెయింటు డబ్బా ఎండి రాయైపోయింది. నూనెకు చెరగనిది ఏముందా అని ఆలోచిస్తే గోళ్లరంగు తోచింది. అదీ నేను చేసిన నేరం.

ముందు టైరు విప్పాను, ఇంజనుకు జాకీ పెట్టాను, మూత తీశాను, చక్రాల మీద ఎర్ర చుక్కలు, వాటికెదురుగా ఇంజను మీద గీతలు పెట్టాను, బెల్టు తీశాను. దాంతోపాటే మార్చాల్సిన నీళ్ల పంపు, బెల్టును బిగించి ఉంచే రోలర్లు బస్సులో వచ్చాయంటే తేవడానికి వెళ్లాను. అరగంటే.

ఆ అరగంటలో చిలకమ్మ గారు సంచిలోంచి భరిణె తీసి, కనిపించిన చక్రాలన్నిటికీ కుంకుమ బొట్లు పెట్టేశారు. బండి గుండెకాయ బయటపడి ఉంటే ఊరికే వదిలేస్తామా అని ఆవిడ బాధ! ఇదేమీ నాకు తెలియదు. వచ్చి పంపు వేశాను, రోలర్లు వేశాను. బెల్టు తీసినప్పుడే పైచక్రం కాస్త జారింది. కళ్లకెదురుగా ఎర్ర చుక్క కనిపించింది, దాన్ని గీతకు కలిపి బెల్టెక్కించాను.

వీడియోవాడు చెప్పినదాంట్లో ఒక్కటి బాగా పట్టుకున్నాను. తాళం తిప్పే ముందు పానాతో ఇంజన్ని చేత్తో రెండు చుట్లు తిప్పాలి. మెల్లగా తిప్పాను. ఒక చుట్టు తిరక్కుండానే టక్కుమని ఆగింది. పానా వదిలేసి నించున్నాను. ఇంజను పోతే ఉద్యోగం పోతుంది, సరే. గెడ్డ అవతలున్న ఆ వదిన సంగతి?

సుభద్ర గారు ఫోను లైటు వేసి లోపలికి తొంగి చూశారు. "పైసక్రం మీద ఎర్ర సుక్కలు రొండున్నాయేటి మేస్త్రీ?"

రెండోది కాస్త కిందుగా, నీడలో ఉంది. నూనె తుంపర పడి రెండూ ఒక్కలాగే నల్లబడ్డాయి. చిలకమ్మ గారి చేతిలో భరిణె చూశాక సంగతి అర్థమైంది. తడిగుడ్డ పెడితే కుంకుమ పోతుంది, గోళ్లరంగు ఉంటుంది. గుడ్డ తడిపానో లేదో, చిలకమ్మ గారు నా మణికట్టు పట్టేశారు.

"అమ్మోరి బొట్టు తుడిసేత్తావా? ఇంట్లో కోడలు నిండు నెలల్తో ఉంటే తుడిసేత్తావా?"

బతిమాలాను. కూతురు కూడా చెప్పారు. ఊహూఁ. చివరికావిడే కళ్లు మూసుకుని, చక్రానికి దణ్ణం పెట్టి అన్నారు: "అమ్మా, ఈ ఇనప సక్రం మీద నీకు సుకం లేదు. ఈ బాబు మొకానికి ఎక్కు తల్లీ." అని నా నుదుటి మీద రూపాయి బిళ్లంత బొట్టు అద్దారు. "ఇప్పుడు తుడు. అమ్మోరు నీకాడుంది. బొట్టుండగా అబద్దమాడకు, కళ్లు పోతాయి."

సుభద్ర గారు ఇంకో క్షణం ఆగితే ఏం పోయేది? "అయితే సెప్పు మేస్త్రీ. ఇంతకు ముందు ఎన్ని బెల్టులు మార్సేవు?"

ఏం చెప్పను అప్పా? "ఒక్కటీ లేదండీ" అన్నాను.

"నాకు తెల్సు. నా ఫోన్లోనే గదా సూసేవు" అన్నారు.

"మరి ఊరుకున్నారేంటండీ?"

"ఇప్పీసినాక ఏటంటాం? గానీ తొందరపడి తాళం తిప్పీలేదు. సేత్తో తిప్పినావు. అది సూసే కూకున్నాను. కానీ, బేగి కానీ."

తుడిచాను. మూడు పళ్ల తేడా. బెల్టు దించి అసలు చుక్క గీతకు కలిపి మళ్లీ ఎక్కించాను. పానాతో రెండు చుట్లు తిప్పాను, హాయిగా తిరిగింది. ఇంకో రెండు తిప్పాను, అదీ తిరిగింది. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. నాకు ఏడుపొచ్చింది. చిలకమ్మ గారు నాకు చేతులెత్తి దణ్ణం పెట్టారు. నాకు కాదులే, నుదుటికి.

గాసన్న గారు రాగానే నిజం చెప్పేశాను. "ఇంజను పోతే ఆళ్లు ఊరెలా ఎల్తారనుకున్నావు?" అని ఒకే మాటన్నారు. మర్నాడు పొద్దున్న పానాల పెట్టె పక్కన ఒక కుంకుమ భరిణె ఉంది. ఇప్పుడు ఏ బండొచ్చినా ముందు నాకు బొట్టు పెట్టి, "ఈ పని వచ్చా?" అని అడుగుతున్నారు. రాదంటే పక్కన కూర్చుని నేర్పిస్తున్నారు. ఊళ్లో నన్ను బొట్టు మేస్త్రి అంటున్నారు. అనుకోనీ.

నాలుగు రోజులకు ఆ వదినని ఆ కారులోనే ఇక్కడి ఆసుపత్రికి దింపుకొచ్చారు. ఆడగుంట పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. సుభద్ర గారే వచ్చి చెప్పి, బెల్లం పెట్టి వెళ్లారు.

బావ పాత స్వెట్టరొకటి పంపు, ఇక్కడ చలి ఎక్కువ. మీ అత్తగారికి నా దణ్ణాలు, పిల్లలకు ముద్దులు. బావకి ఈ ఉత్తరం చూపించకు, నవ్వుతాడు. ఎర్ర గోళ్లరంగు సీసా కూడా ఒకటి కొని పంపు, షెడ్డుకు కావాలి. నేను కొంటే మళ్లీ చూస్తారు. ఆ డ్రైవరు చేతికే ఇయ్యి, వాడికి బుద్ధొస్తుంది.

మొదటి సీసా ఏమైందంటావు. బొట్టు పెట్టుకునే రాస్తున్నాను గనక దాచకూడదు. బెల్లం తెచ్చిన రోజు సుభద్ర గారు అడిగారు. ఇచ్చాను. డ్రైవరు చెప్పింది అబద్ధమే అప్పా, కాకపోతే కాస్త ముందుగా చెప్పాడు.

తిట్టినా సరే, తిట్టు చివర ఓ దీవెన పెట్టమని కోరుకునే
నీ తమ్ముడు
సన్యాసి