నది ఒడ్డు ఖాళీ చేయించారు

శనివారం రాత్రి, రౌస్ హిల్

మేం ఏటా టెంట్ వేసుకునే నది ఒడ్డున ఇక క్యాంపింగ్ నిషేధమట. పోయిన నెల ఎవరో తాగి సీసాలు పగలగొట్టి, పక్క రైతు కంచె తగలబెట్టారు. వాళ్లెవరూ దొరకలేదు. ఇల్లు దొరక్క అక్కడే వ్యాన్‌లో ఉంటున్న మార్గరెట్ ఆంటీని మాత్రం ఈరోజు మేం అక్కడికి వెళ్తే, ఆ ఒడ్డును చూసుకునే రేంజర్ మా కళ్లముందే వెళ్లిపొమ్మన్నాడు. ఆ గాజుపెంకులు ఏరింది ఆవిడే!

"ఆవిడేం తప్పు చేసింది?" అని అరిచాను.

"రూల్ అందరికీ ఒకటే," అన్నాడు.

"వదిలెయ్ సుధా, మనకెందుకీ గొడవ, లెట్స్ గో," అంటూ మా ఆయన నన్ను కార్లోకి లాగాడు.

వెనక సీట్లోంచి మా అమ్మాయి అడిగింది: "బట్ అమ్మా, వేర్ విల్ షీ స్లీప్ టునైట్?"

రైతు కోపం నాకూ అర్థమవుతుంది. కానీ ఇదేం న్యాయం? ఒళ్లు మండిపోతోంది.