కోర్ఫూల ముద్దు, చంపాపేట్‌ల తప్పు

శుక్రవారం రాత్రి, చంపాపేట్

ఇయ్యాల తెలంగాణ బంద్. దిల్‌సుఖ్‌నగర్‌ల మా చీరల షాపు తెరువలే. పొద్దుగూకంగ పై పోర్షన్ సుజాతక్క గ్రీసు ఫోటోలు పట్టుకొని దిగింది.

పోయిన నెల ఇద్దరం ఒకటే టూర్‌ల గ్రీసుల ఉన్న అయోనియన్ దీవులకు పోయినం. వెనిస్ వాళ్లు, ఫ్రెంచోళ్లు, ఇంగ్లీషోళ్లు, అందరు ఏలిపోయిన జాగ అది. అండ్ల ఒకటైన కోర్ఫూ దీవిల, ఊరి నడుమ ఇప్పటికీ క్రికెట్ ఆడుతున్నరు. వాళ్ల భాషల ఇటలీ మాటలు మస్తుగుంటయని గైడు చెప్తే, "ఎంత ముద్దుగా ఉందండీ వీళ్ళ భాష" అని సుజాతక్క మురిసిపోయింది. నేను గూడ తలూపిన.

ఇయ్యాల అవే ఫోటోలు చూసుకుంట మా బిడ్డ అన్నది, "అమ్మమ్మ జరమొచ్చి దవాఖానకు పోయిందాంటీ. అమ్మ పరేషాన్ల ఉన్నది."

సుజాతక్క నవ్వింది. "ఇదేం తెలుగే పిల్లా, సగం ఉర్దూయేగా? ఆస్పత్రి అనాలమ్మా."

ఆస్పత్రి మాత్రం ఇంగ్లీషోళ్ల నుంచి వచ్చిన మాట కాదా? ఆ దీవుల్ని అంతమంది ఏలితే వాళ్ల మాట ముద్దు, మమ్ముల నిజాం ఏలితే మా మాట తప్పు. నోటిదాంక వచ్చింది. ఇంటికొచ్చిన మనిషిని ఏమంటం? చాయ్ పోసిచ్చిన.

ఆమె పోయినంక బిడ్డ పోచంపల్లిల ఉండే అమ్మమ్మకు ఫోన్ చేసింది.

"అమ్మమ్మా, ఆస్పత్రికి వెళ్ళావా? ఇప్పుడెలా ఉంది?"

స్పీకర్‌ల మా అమ్మ గొంతు వినవడ్డది.

"ఎవలండీ? మీకు ఎవలు కావాలె?" అన్నది.