క్లూథా ఒడ్డున బియ్యం కొట్టు

ఒటాగో, న్యూజిలాండ్
1886, చలికాలం

యూక్‌లాన్,

నువ్వు క్షేమమని తలుస్తున్నాను. ఎప్పటిలా "వచ్చే వసంతానికి ఇంటికొస్తాను" అని ఈ ఉత్తరం ముగించలేను. అందుకే ఇన్నాళ్లూ రాయకుండా వాయిదా వేశాను.

కొట్టు అమ్మేస్తున్నానని కిందటిసారి రాశాను కదా. బేరం నిజంగానే కుదిరింది. గొర్రెల మందలున్న ప్రింగిల్ అనే తెల్లాయన ఉన్ని నిలవ చేసుకోవడానికి అడిగాడు. అతను వచ్చే ముందురోజు గుమ్మంలో నిలబడి కొట్టంతా చూసుకున్నాను. నేను వచ్చిన కొత్తలో ఇదొక గుడారం. ఒక బస్తా బియ్యం, ఒక పెట్టెడు ఉప్పుచేప, కొన్ని పారలు. ఈ క్లూథా నదిలో బంగారం పడుతున్న రోజులవి. మనవాళ్లు పగలంతా ఇసుక కడిగి, తడిబట్టలతోనే వచ్చేవారు. వాళ్లు తెచ్చిన రేణువులు తూచి, బియ్యం, టీ, కొవ్వొత్తులు ఇచ్చేవాణ్ణి. తర్వాత వాళ్లే నదిలోంచి రాళ్లు మోసుకొచ్చి ఈ గోడలు కట్టారు. కొత్త సంవత్సరానికి పంది కాల్చుకున్నది ఈ వాకిట్లోనే. ఊరి నుంచి ఉత్తరాలొస్తే చదివి వినిపించిందీ ఇక్కడే. అందరి భార్యల కబుర్లూ నా నోటితో పలికాను. నీ ఉత్తరం మాత్రం తలుపు వేసుకుని చదువుకునేవాణ్ణి.

ఇప్పుడు ఒడ్డంతా గుంటలు, గడ్డి. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు వేరే గనులకు పోయారు. ముసలివాళ్లు మిగిలారు. వాళ్లలో పెద్దవాడు వోంగ్ బాబాయి బేరం సంగతి విని, కర్ర పట్టుకుని వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాడు.

"వెళ్తున్నావటగా. మంచిదేరా. నీ పెళ్లాం నిన్ను చూసి ఎవరో బిచ్చగాడనుకుని గుప్పెడు బియ్యం వేస్తుంది, పట్టుకో."

"వేస్తే తింటాను బాబాయ్. మరి నువ్వేం తింటావు?"

"నాకేం? గొర్రెల దొర దగ్గరకెళ్లి కాస్త ఉన్ని ఉడకేసి పెట్టమంటాను."

నవ్వాడు. ఆ నవ్వులోనే దగ్గు తెర వచ్చింది. మందు పొట్లం కట్టిచ్చాను. ఉండిపొమ్మని బాబాయి అడగలేదు. అడిగి ఉంటే కాదనగలిగేవాణ్ణేమో. మర్నాడు ప్రింగిల్‌తో కొట్టు అమ్మనని చెప్పేశాను.

ఇక నాకోసం ఎదురుచూడకు. అమ్మ కూడా పోయింది, ఆ ఇంట్లో ఒక్కదానివే ఎలా ఉంటావు? నీ చెల్లెలి కొడుకుని పెంచుకో. వాన పడినప్పుడల్లా నువ్వు గొడుగు ముడుస్తూ లోపలికి వస్తావని తలుపు వైపు చూస్తుంటాను. ఆ పిచ్చి నాకు ఉండనీ. నీకు వద్దు.

ఫూక్‌సెంగ్


హాంగ్‌కాంగ్ రేవు

మా ఆయనకి,

మీ ఉత్తరం మన ఊరి పంతులుగారితో చదివించుకున్నాను. ఎదురుచూడొద్దన్న చోట ఆయన చదవడం ఆపి కళ్లజోడు తుడుచుకున్నారు. కొట్టు అమ్మలేదన్న చోట నేను నవ్వితే ఆయన వింతగా చూశారు.

మీరెప్పుడొస్తారని ప్రతి ఉత్తరంలోనూ అడిగించాను. నాకు కావలసింది అది కాదు. నన్ను రమ్మంటారని, ఒక్క ఉత్తరంలోనైనా ఆ మాట రాస్తారని చూశాను. మీరు రాయలేదు. అత్తగారు ఉన్నంతకాలం అడగడానికి నాకూ నోరు రాలేదు. ఆవిడకు చేయవలసినవన్నీ చేశాను. ఇప్పుడు నన్ను ఆపేవాళ్లెవరు?

మీ తమ్ముడు ఆపబోయాడు. "అది ఆడవాళ్లు వెళ్లే దేశం కాదు వదినా" అన్నాడు. "మగవాళ్లు వెళ్లి మూటలు కట్టి తెచ్చిందేముందయ్యా?" అన్నాను. ఇల్లు అతనికి అప్పగించాను. అక్కడ దిగే మన చైనావాళ్ల మీద మనిషికింతని వేసే తలపన్నుకి నా గాజులు అమ్మిన డబ్బు సరిపోయింది.

ఈ ఉత్తరం రాస్తున్నది రేవులోని రాతగాడు. "ఆడవాళ్లు మొగుడికి ఇలాంటివి రాయించకూడదమ్మా" అంటున్నాడు. "మాటలు నావి, మీరు చెయ్యి ఆడించండి చాలు" అన్నాను. మొహం ముడుచుకునే రాస్తున్నాడు. వోంగ్ మామగారికి ఉన్ని తినే అవస్థ లేదని చెప్పండి, గంజి నేను కాస్తాను. పెంపుడు కొడుకు మాట ఇప్పుడెందుకు? నాకింకా వయసు మళ్లలేదు.

ఈ ఉత్తరం ముందు ఓడలో వస్తుంది. నేను తర్వాతి ఓడలో వస్తున్నాను. డునెడిన్ రేవుకి తప్పకుండా రండి. ఆ దేశపు భాషలో మీరుండే ఊరి పేరు పలకడం కూడా నాకు రాదు.

మీ
యూక్‌లాన్