చేపల డబ్బాలో ఇన్సులిన్

యాదమ్మక్కా,

ఇది నీకు అందదని తెలుసు. అయినా ఇవాళ నీతోనే చెప్పాలి.

నాకూ షుగర్ వచ్చింది. ఇన్సులిన్ సీసా చేతికిస్తూ నర్సు, "ఫ్రిజ్ ఉంది కదా మేడం? గడ్డ కట్టనియ్యకుండ్రి, కడితే ఇగ పనిచెయ్యది," అంది.

నువ్వు మేడ్చల్ బస్టాండులో పడుకునేదానివి. ఎండకు మందు పాడవుతుందని అక్కడే చేపలమ్ముకునే శామీర్‌పేట చేపలమ్మ డబ్బాలో, ఐసుగడ్డల మధ్యే దాచేదానివి. రెండు పూటలా తప్పకుండా పొడుచుకున్నా షుగర్ దిగలేదు.

"సూది ఏసుకుంటలేవు. అబద్ధాలెందుకు?" అన్నాడు దవాఖానలో డాక్టరు.

"ఒట్టు సారూ. నా సీస శాపల నీసు కొడ్తది, వాసన జూడు."

అందరం నవ్వాం. ఆయన చీటీ మీద 'మతి సరిగా లేదు' అని రాశాడు. రోజూ ఆ బస్టాండులోనే బస్సెక్కుతూ నిన్నెరిగి తోడొచ్చిన నేను, ఇంత చదివినదాన్ని, ఆ చీటీ మడిచి నా సంచిలో పెట్టుకున్నాను. నిజానికి నేనూ నిన్ను నమ్మలేదేమో.

ఆ నెలలోనే బస్టాండు బల్ల మీద పోయావు.

ఇల్లు లేని మనిషి మందు ఎక్కడ పెట్టుకుంటుందని ఒక్కరమూ అడగలేదు. నువ్వే చెప్పినా నవ్వాం. పిచ్చి ఎవరికక్కా?

ఆ చీటీ ఇంకా నా దగ్గరే ఉంది. ఇవాళ దాని మీద నీ పేరు కొట్టేశాను. డాక్టరు పేరు రాద్దామంటే ఆయన సంతకం చదవరాలేదు. నా పేరు రాశాను.