ఒక పొయ్యి, మూడు కార్డులు

2003 ఫిబ్రవరి, మంగళవారం

మార్టూరు దగ్గరి ఊళ్ళో సర్వే అయిపోయిందనుకున్నాను. ఇళ్ళన్నిటినీ ఆదాయం ప్రకారం వరుసలో పెడితే సరిగ్గా నడుమ వచ్చే ఇంటి సంపాదన, అయిదేళ్ళ కిందటి సర్వే కంటే తగ్గినట్టు తేలింది. చూస్తే ఊరు చితికినట్టు లేదు. అందుకే ఇవాళ మళ్ళీ వెళ్ళాను.

సుబ్బాయమ్మగారింట్లో, నా జాబితాలో మూడు కుటుంబాలుగా ఉన్న ముగ్గురు కొడుకులూ ఒకే వసారాలో అన్నం తింటున్నారు.

“వేరుపడ్డారన్నారుగా?” అన్నాను.

“కార్డుల్లో పడ్డారమ్మా! తలా ఒక తెల్ల రేషను కార్డు కావాలంటే పడాలిగా మరి. వండేది ఒక్క పొయ్యి మీదే, ఆ పొగంతా నాకే.”

“పొగ మాకండీ, అరుపులు అత్తయ్యవి,” అంది పెద్దకోడలు.

అందరూ నవ్వారు. అంతలోనే సుబ్బాయమ్మగారి ముఖం మారింది. “ఒకే ఇల్లని రాస్తావా ఏంటి? కార్డులు పీకేస్తారమ్మా!”

పేర్లు ఎవరికీ చూపించనన్నాను. నమ్మిందో లేదో.

అయిదేళ్ళ కిందటి సర్వేలో పొయ్యిని బట్టి ఇళ్ళు లెక్కపెట్టాం. ఈసారి తేలికని కార్డుల జాబితా పట్టుకున్నాం. ఊరు పేదదవలేదు, మేమే ఇళ్ళను ముక్కలు చేశాం. రేపటి నుంచి గడపగడపకీ వెళ్ళి, ఎవరెవరు కలిసి తింటున్నారో అడుగుతాను. అందులో నాకు అనుమానం లేదు.

అయితే లెక్క ఎందుకు మారిందో రిపోర్టులో చెప్పాలంటే కార్డుల సంగతి రాయక తప్పదు. అది చదివిన ఏ ఆఫీసరో ఆ ఊరికి వెళ్తే... ఊరి పేరు కూడా తీసేస్తాను. మా ప్రొఫెసరుగారు ఒప్పుకోరేమో.

ఒప్పిస్తాను.